ఖాళీగా తిరిగిపోయిన బిందె

1947వ సంవత్సరం, మే నెల, రెండో ఆదివారం, ఉదయం ఏడున్నర గంటలు. గడియారం నాకు లేదు. పాలెం గుడిలో రెండో పాట అయిపోయి పాస్టరు ప్రార్థన ఎత్తుకున్న వేళ అది. ఆ ప్రార్థన ఏనాడూ ఏడున్నర దాటి మొదలయ్యేది కాదని పాస్టరు భార్య దయామణమ్మ తరవాత చెప్పింది. నేను బావిలో ఉన్నాను. పైన గిలక కిర్రుమంది, తాడు జారింది, ఎవరిదో చేద నా చెవి పక్కనుంచే పోయి నీళ్ళలో పడింది.

మేము వడ్డెవాళ్ళం. రాయి కొట్టడం, బావి తవ్వడం మా తాతలనాటి పని. చంద్రగిరి నుంచి చిత్తూరు దాకా నేను దిగని పల్లె తక్కువ. బావుల పని గురించి అడిగేవాళ్ళు సాధారణంగా రెండే అడుగుతారు: తూటా పేలి ఎవరైనా చచ్చిపోయారా, నీళ్ళు యాడ పడతాయో ఎలా తెలుస్తుంది అని. చచ్చిపోయినవాళ్ళు ఉన్నారు. నీళ్ళ సంగతి తవ్వేదాకా ఎవరికీ తెలియదు, తెలుసునని చెప్పేవాడు అబద్ధం చెబుతున్నాడు. ఆ రెండూ కాక నాకు గుర్తున్న బావి ఒకటుంది. దాని గురించే ఇది. నలభై దాటినాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, సొగసుగా చెప్పడం రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ ఊరు చంద్రగిరి దాటి పాకాల పోయే దారిలో ఉంది. పేరు రాయను, ఆ ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఊరికి తూర్పున ఒక వంక, అంటే చిన్న వాగు, వంక అవతల పాలెం. పాలెం వాళ్ళంతా కూలిపనివాళ్ళు, మా నాయన కాలంలోనే క్రైస్తవంలో కలిసినారు. గుడి అంటే మట్టిగోడలు, పైన బోదగడ్డి కప్పు. గంట అంటే పాకాల జంక్షన్ నుంచి తెచ్చిన రైలు పట్టా ముక్క. అది చింతకొమ్మకు వేలాడేది, సుత్తితో కొడితే ఊరిదాకా వినిపించేది.

బావి రాకముందు పాలెం ఆడవాళ్ళు ఊరి బావి దగ్గరికి పోయి దూరంగా నిలబడేవాళ్ళు. ఊరి ఆడవాళ్ళలో ఎవరికైనా తీరిక, దయ రెండూ ఉంటే వచ్చి పోసేవాళ్ళు. పోయడం కూడా ఒక పద్ధతి. పోసేవాళ్ళు చేదను ఎత్తి పట్టుకోవాలి. కింద కుండ పట్టుకున్న మనిషి కుండకు అది తగలకూడదు. అంత ఎత్తు నుంచి పడితే సగం నీళ్ళు కుండలోకి, సగం పట్టుకున్న మనిషి చేతుల మీదికి, కాళ్ళ మీదికి పోతాయి. రోజూ నీళ్ళకోసం నిలబడి, ఆ నీళ్ళతోనే తడిసి ఇంటికొచ్చేవాళ్ళు.

బావులు అందరివీ అని మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి అప్పటికి కొన్నేళ్ళయింది. ఆ చట్టం మా వైపు పల్లెల దాకా నడిచి రాలేదు. పాస్టరు సాల్మన్ అయ్యవారు మాత్రం దాన్ని పట్టుకొని తిరిగినాడు. సన్నగా వెదురు బద్దలా ఉండేవాడు. పాలెంకు సొంత బావి కావాలి, స్థలం చూపించండి అని చిత్తూరుకు సైకిలు మీద ఎన్నిసార్లు పోయినాడో ఆయనకే తెలియదు. ఒకసారి తిరిగొచ్చేసరికి చీకటి పడితే సైకిలు వంక గట్టున పెట్టి ఇంటికి పోయినాడు. తెల్లారేసరికి ఎవరో దాన్ని వంక బురదలో పడేసినారు. ఆయన దిగి తీసుకొని, పంచెతో తుడుచుకొని, మళ్ళీ ఎక్కి చిత్తూరుకే పోయినాడు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరవాత జరిగింది చదివి ఆయన్ను పిరికివాడు అనుకునేవాళ్ళు ఉంటారు. ఆయన పిరికివాడు కాడు.

స్థలం వచ్చింది. సిమెంటును క్రైస్తవ మిషన్ వాళ్ళు ఇచ్చినారు. మన్ను మోయడం పాలెం వాళ్ళు చేసినారు. రాతిపని నాది. పైన గరుసు, దాని కింద నల్లరాయి. నల్లరాతికి జంపరు కావాలి. జంపరు అంటే మనిషెత్తు ఇనుప కడ్డీ, మొనకు ఉక్కు. ఒకడు తిప్పుతుంటే ఒకడు సమ్మెటతో కొట్టాలి. అలా రాతికి బెజ్జం పెట్టి, మందు కూరి, వత్తి అంటించి పైకి ఎక్కేయాలి. ఆ మందు కూరినదాన్నే తూటా అంటాం. ఒకరోజు తూటా పేలిన తరవాత పొగ తగ్గేదాకా ఆగి తొంగి చూస్తే రాతి నెర్రెలో నుంచి నీళ్ళు ఊరుతున్నాయి. రూతమ్మ అనే కోడలిపిల్ల గబగబా దిగి దోసిలి పట్టి తాగేసింది.

"మందు వాసనొస్తా ఉండాది గదమ్మా, రేపటిదాకా ఆగు," అన్నాను.

"రాయొచ్చినా తాగుతా యల్లప్పన్నా. ఇన్నేండ్లు ఆగినాం, ఇంకా రేపటిదాకానా," అనింది.

నీళ్ళు తియ్యగా ఉన్నాయి.

ఆ మరుసటి ఎండాకాలమే ఊరి బావి బురదకు దిగింది. పాలెం బావిలో మాత్రం నిలువులోతు నీళ్ళు. స్టీనింగులో, అంటే బావి లోపలి గోడకు పేర్చే రాతికట్టులో, రెండు రాళ్ళు కదిలినాయని చూసిపోవడానికి నేను పాలెం వచ్చి ఉన్నాను. అప్పుడు ఊరి మునసబు వంక దాకా వచ్చినాడు. వంక దాటలేదు. ఆయన ఆ గట్టున, పాస్టరు ఈ గట్టున. మధ్యలో ఎండిన ఇసుక.

"పాస్టరూ, ఊళ్ళో పసిబిడ్డలుండారప్పా," అన్నాడు మునసబు.

"పాలెంలో కూడా ఉండారు సామీ. నీళ్ళకేముంది, రమ్మనండి. చేదుకోమనండి."

"వస్తారు. మీవాళ్ళు ఆ టయానికి ఆడ ఎదురుపడకుండా ఉంటే వస్తారు."

పాస్టరు వెనక్కి తిరిగి పాలెం వైపు చూసినాడు.

"ఆదివారం పూట గంట కొట్టి అందరూ లోపలికి పోతారు గదా," అన్నాడు మునసబు. కోపంగా కాదు, ఇద్దరికీ మేలైన బేరం చెప్పేవాడిలా చెప్పినాడు. "ఆ గంటేదో రోజూ కొట్టు. మీవాళ్ళు జపం చేసుకుంటా ఉంటారు, మా ఆడోళ్ళు చేదుకొని పోతారు. ఎవురి మర్యాద వాళ్ళకుంటాది. గుడికి బావి పక్క కిటికీ ఒకటుండాది సూడు, దానికి చాపేదైనా కట్టించు."

పాస్టరుకు ఎన్నాళ్ళ నుంచో ఒక కోరిక. పాలెం అంతా రోజూ పొద్దున్నే గుడికి రావాలని. కూలిపనివాళ్ళు, ఎవరొస్తారు? ఇప్పుడు మునసబే, వీళ్ళను కూలికి పిలిచేవాళ్ళ పెద్ద, పొద్దున గంటసేపు వీళ్ళను వదిలిపెడతానంటున్నాడు. దప్పికతో ఉన్నవాళ్ళకు నీళ్ళు దొరుకుతాయి, పాలెంకు రోజూ ప్రార్థన దొరుకుతుంది. ఆయన మొహం వెలగడం నేను చూసినాను. దేవుడే దారి చూపించినాడనుకున్నాడు.

సాయంత్రం అందరినీ గుడిముందు కూర్చోబెట్టి చెప్పినాడు. రూతమ్మ అత్త సుందరమ్మ మొదట లేచింది. ఊరి బావి దగ్గర ఒక జీవితకాలం నిలబడిన మనిషి ఆమె.

"దప్పికైనోళ్ళకు నీళ్ళియ్యకపోతే మనమేం కిరస్తానోళ్ళం అయ్యా. ఇయ్యాల్సిందే," అనింది.

"ఇయ్యొద్దని ఎవరన్నారత్తా?" అనింది రూతమ్మ. "ఇచ్చేవోళ్ళం మనం, మనం పోయి గుడిలో దాక్కునేదెందుకు అంటా ఉండా."

"దాక్కోవడం కాదు రూతమ్మా, ప్రార్థన," అన్నాడు పాస్టరు.

"కిటికీకి చాప కట్టుకొనా అయ్యవారూ?"

అందరూ నవ్వినారు. పాస్టరు కూడా నవ్వినాడు. నవ్వులో ఆ మాట కొట్టుకుపోయింది.

"నీకు ఏం కావాల చెప్పు," అన్నాడు ఆయన.

"నాకేం పెద్ద కోరికల్లేవు. వాళ్ళొస్తే నేను చేది పోస్తా. పైకెత్తి పోయను. అంచుకు అంచు ఆనించి పోస్తా, ఒక్క బొట్టు కింద పడకుండా. పట్టుకుంటే పట్టుకోనీ, లేకుంటే లేదు."

"పట్టుకోరమ్మా. గలాటా అయితాది. అయితే నీళ్ళూ పాయె, మాటా పాయె."

అంతే. మరుసటి పొద్దున్నుంచి రైలు పట్టా రోజూ మోగింది. కిటికీకి ఈతచాప కట్టినారు. పాలెం జనం లోపల పాటలు పాడుతుంటే బయట వాళ్ళ బావి మీద వాళ్ళ గిలక తిరిగేది. పాట ఆగితే గిలక చప్పుడు వినిపించేది. అందుకేనేమో, పాట ఆగకుండా పాస్టరు ఒకదాని తరవాత ఒకటి ఎత్తుకునేవాడు.

ఇక ఆ ఆదివారం. కదిలిన రాళ్ళు తీసి మళ్ళీ కూర్చోబెట్టే పని నాది. ఆదివారం పని వద్దని పాస్టరు గొణిగినాడు. "నేను మీ మతంవాణ్ణి కాదు గదయ్యా, నాకు ఆదివారం లేదు. రాయి ఎవరి నెత్తిన పడినా మళ్ళీ మీరే గదా ఏడ్చేది," అంటే ఊరుకున్నాడు. ఊరి ఆడవాళ్ళు వచ్చి చేదుకొని ఒక్కొక్కరే వెళ్ళిపోయినారు. చివర మిగిలింది మునసబు భార్య రంగమ్మ. మామూలుగా ఆమె నీళ్ళకు వచ్చే మనిషి కాదు. కోడలు పురిట్లో ఉంది, ఇంట్లో ఇంకో ఆడదిక్కు లేదు. చేదడం అలవాటు తప్పిన చేతులు. తాడు జారిపోయింది.

చేద నీళ్ళలో పడిన చప్పుడు బావులున్న చోట పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. నిండుతూ పడే చప్పుడు వేరు, తప్పిపోయి పడే చప్పుడు వేరు. గుడిలో అందరికీ వినిపించే ఉంటుంది. అందరూ కళ్ళు మూసుకొనే ఉన్నారట. రూతమ్మ ఒక్కతే లేచింది.

నేను స్టీనింగు రాళ్ళ మీద కాళ్ళు పెట్టుకుంటూ పైకి వచ్చినాను. నా తల ఒర పైకి వచ్చేసరికి రూతమ్మ తన చేదతో వచ్చి నిలబడి ఉంది. ఒర అంటే బావి చుట్టూ కట్టే పిట్టగోడ. ఒరకు ఆ పక్క రంగమ్మ, ఈ పక్క రూతమ్మ, నడుమ నా తలకాయ.

"చేద పడిపోయెనా అమ్మా?" అనింది రూతమ్మ.

"పడిపోయె. తాడు తడిసిపోయుండాది," అనింది రంగమ్మ. గుడి వైపు చూసి, "మీరంతా లోపలుండాలని గదా మాట," అనింది.

"ఇంతమందిలో నేనొకతి లేకుంటే దేవుడేం వెతుక్కోడులేమ్మా."

రంగమ్మ నవ్వలేదు గానీ మూతి కొంచెం వదులైంది. రూతమ్మ అప్పటికే చేద వదిలి లాగుతోంది. అలవాటైన చేతులు, నాలుగు లాగుళ్ళలో చేద పైకి వచ్చింది.

"ముందే చెప్తా ఉండా. పైకెత్తి పోయను. ఆనించి పోస్తా. ఇష్టముంటే పట్టు," అనింది.

రంగమ్మ ఊరి దారి వైపు చూసింది. దారి మీద ఎవరూ లేరు. నన్ను చూసింది. నేను చూపు తిప్పుకోలేదు, తిప్పుకోవాలని తోచలేదు కూడా. ఆమె నడుమ్మీది బిందె దించింది. రెండు చేతులతో పట్టి, అంచు ముందుకు పెట్టింది.

"బిన్నా కానీ, జాగు చెయ్యొద్దు. పసిబిడ్డకు నీళ్ళు కాగబెట్టాల," అనింది.

రూతమ్మ చేద వంచింది. చేద అంచుకూ బిందె అంచుకూ నడుమ జానెడు కూడా లేదు.

"రూతమ్మా, లోపలికి రా."

పాస్టరు గుడి వాకిట్లో నిలబడి ఉన్నాడు. అరవలేదు. జబ్బుపడిన పిల్లను పిలిచినట్టు మెల్లగా పిలిచినాడు. ఆయనకు రూతమ్మ వీపు మాత్రమే కనబడుతోంది. ఆ వీపు వెనక ముందుకు చాచిన బిందె కనబడలేదు. గొడవ మొదలవుతోందనుకున్నాడు. "మాటిచ్చినాం గదమ్మా," అన్నాడు.

రూతమ్మ చేయి ఆగిపోయింది. ఆమెకు బాప్తిస్మం ఇచ్చింది ఆయన, పెళ్ళి చేసింది ఆయన, ఆ బావి తెచ్చింది ఆయన. ఆయన మాట ఆమె ఎన్నడూ తీసేయలేదు. రంగమ్మ మొహంలోకి ఒకసారి చూసి, నిండు చేదను ఒర మీద పెట్టి వెనక్కి తిరిగింది. గుడి తలుపు మూసుకుంది.

రంగమ్మ బిందె అలాగే పట్టుకొని నిలబడింది. తరవాత దాన్ని మళ్ళీ నడుమ్మీద పెట్టుకుంది. ఒర మీది చేదలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. పోసుకోలేదు.

"నా చేద తీసియ్యి యల్లప్పా," అనింది.

దిగి తీసిచ్చినాను. "నేను పొయ్యనా అమ్మా?" అన్నాను. మా వడ్డెవాళ్ళు పోస్తే ఆ ఇంటివాళ్ళకు పట్టింపు లేదు.

"వద్దు," అనింది. ఖాళీ బిందెతో వంక దాటి వెళ్ళిపోయింది.

గుడి విడిచినాక పాస్టరుకు చెప్పినాను. ఆయన మొదట నమ్మలేదు.

"పట్టిందా? రంగమ్మా?"

"అంచు ముందుకు పెట్టిందయ్యా. ఈ కండ్లతో సూసినా. మీరు పిలవకుండా రెండు గుక్కల సేపు ఆగుంటే పోసేసేది."

ఆయన గుడి గడప మీద కూర్చున్నాడు. "నేను మాట పోతుందనుకున్నా యల్లప్పా. మాట నిలబెట్టుకోవాలనుకున్నా," అన్నాడు. బావి దగ్గర కూర్చొని పరాయి జాతి ఆడమనిషిని యేసు నీళ్ళడిగిన కథ ఆయన ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో. బయట రాయి కొడుతూ విన్న నాలాంటి వాడికే అది గుర్తొచ్చింది, ఆయనకు రాకుండా ఉంటుందా. ఆయన లేచి కిటికీకి కట్టిన చాప పీకేసినాడు.

మరుసటి రోజు మునసబు నాకు కబురు పంపినాడు. ఊరి బావి లోతు చేయాలట. ఇంట్లో ఆడమనిషి పాలెం బావికి ఇక పోనని తెగేసి చెప్పిందట, మన బావినే తవ్వించు అనిందట. నేను పోయినాను. పోకుండా ఉండాల్సిందని ఇప్పుడు కొందరంటారు. అది నా వృత్తి, నేను పోకపోతే ఇంకొక వడ్డెవాడు పోయేవాడు. ఆ పనికి నేను సిగ్గుపడను. సిగ్గు వేరు, బాధ వేరు.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం రంగమ్మ నాకు మజ్జిగ తెచ్చింది. చుట్టూ ఎవరూ లేనిది చూసి, "ఆ పిల్ల ఏమన్నా అనుకునిందా?" అని అడిగింది.

"అడిగి చెప్పేదా అమ్మా?"

ఖాళీ అయిన మజ్జిగ చెంబు అందుకుంది. "వద్దులే," అనింది.

ఆదివారం వచ్చింది. పాస్టరు గంట కొట్టించలేదు. పాలెం అందరినీ బావి దగ్గరికి రమ్మన్నాడు. ఎవరు వచ్చినా మనమే చేది పోద్దాం, అంచుకు అంచు ఆనించే పోద్దాం, ఏం జరిగినా నేను ముందుంటాను అన్నాడు. నిజంగానే ముందు నిలబడినాడట. ఆడవాళ్ళు చేదలు పట్టుకొని నిలబడినారట. వంక అవతల నుంచి ఎవరూ రాలేదు. వాళ్ళు అలా నిలబడి ఉండగా వాళ్ళకు వినిపించింది ఊరి బావిలో నా తూటా. అది పేలిన చోట నీళ్ళు పడినాయి. ఊరివాళ్ళు మళ్ళీ పాలెం వైపు రాలేదు.

పాస్టరు ఆ తరవాత కూడా చాలా పనులు చేసినాడు. వెట్టి మాన్పించడానికి తిరిగినాడు, బడి పెట్టించినాడు. ఆ బడిలోనే, చాలా ఏండ్ల తరవాత, పిల్లలు పోయినాక దయామణమ్మ నాకు అక్షరాలు దిద్దించింది. నేను ఆ గుడిలో కలిసింది కూడా అప్పుడే. కానీ ప్రార్థన చేస్తూ చేస్తూ పాస్టరు ఒక్కోసారి ఆగిపోయేవాడు, బయట గిలక చప్పుడు వినిపిస్తే. గొంతు సవరించుకొని మళ్ళీ మొదలుపెట్టేవాడు.

రూతమ్మను ఒకసారి అడిగినాను, ఆయన మీద కోపముందా అని. అప్పటికి ఆమె జుట్టు నెరిసింది.

"ఆయన మీద కోపమేముందన్నా. ఆయన తెచ్చిన నీళ్ళే గదా తాగతా ఉండా," అనింది. చేద తాడు చుట్టి పక్కన పెట్టింది. "నేనే ఒక్క తూరి ఆ మాట ఇననట్టు ఉండుంటే సరిపోయేది. ఒక్క తూరే."

ఆ బావి నాకు నేర్పింది ఇది. అంతకుముందు బావికి పిలిస్తే స్థలం అడిగేవాణ్ణి, రాయి ఎలాంటిదో అడిగేవాణ్ణి. ఆ తరవాత మొదట అడిగేది, ఎవరెవరు చేదుకుంటారు, ఒకే వేళకు వస్తారా అని. ఎవరినైనా తలుపు వెనక నిలబెట్టి కుదిర్చిన శాంతి ఎంత మంచి మనసుతో కుదిర్చినా నిలవదు. పైగా తలుపు తెరవాల్సిన నిమిషంలో దాన్ని మూసేది మనవాళ్ళే అవుతారు. నేను కట్టిన ప్రతి ఒరకూ ఆ తరవాత ఎదురెదురుగా రెండు గిలకలు పెట్టినాను, చేదేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేలాగ. చాలా ఊళ్ళలో రెండో గిలక తుప్పు పట్టింది. అయినా పెట్టినాను.

ఆ ఆదివారం ఏడున్నరకు అక్కడున్నవాళ్ళు వీళ్ళు. గుడిలో పాస్టరు సాల్మన్ అయ్యవారు, దయామణమ్మ, సుందరమ్మ, ఆమె కొడుకు, అంటే రూతమ్మ మొగుడు దేవదానం, పాట ఎత్తే అబ్రహాము, గంట కొట్టే గుడ్డి యోసేపు, అక్కచెల్లెళ్ళు మార్తమ్మ, శాంతమ్మ, చంటిబిడ్డతో ఎస్తేరు. బావి దగ్గర ఖాళీ బిందెతో రంగమ్మ, నిండు చేదతో రూతమ్మ. ఒర పైకి తల పెట్టి చూస్తున్న వడ్డె యల్లప్ప, నేను.